వార్డు గీత, ఓటు విలువ: సందేహాలు – సమాధానాలు

అమెరికాలో పదేళ్ళకోసారి జనగణన ముగియగానే సిటీ కౌన్సిళ్ళు, కౌంటీలు, స్కూల్ బోర్డులు తమ డిస్ట్రిక్టుల హద్దులు మళ్ళీ గీసుకుంటాయి. ఈ పునర్విభజన గురించి అక్కడి తెలుగువారూ, ఇక్కడున్న వాళ్ళ తల్లిదండ్రులూ చాలా ఉత్తరాలు రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షికంతా వాటికే ఇస్తున్నాం.

మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడు. వాళ్ళ ఊళ్ళో వార్డుల హద్దులు మారుస్తున్నారని, మీటింగుకు వెళ్ళి మాట్లాడాలని ఒకటే హడావిడి పడుతున్నాడు. మనిషికో ఓటు ఎటూ ఉంది కదా! గీత ఇటు జరిగితే ఏమిటి, అటు జరిగితే ఏమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

మాస్టారూ, ఓటు ముట్టుకోకుండానే ఓటరును ఊరవతల పెట్టేయవచ్చని ఒక చిన్న పట్టణం చూపించింది. అలబామా రాష్ట్రంలోని టస్కీగీ ఊరి హద్దు 1957 వరకు చతురస్రం. ఊళ్ళో నల్లజాతి ఓటర్లు సుమారు 400 మంది. వాళ్ళ సంఖ్య పెరుగుతుంటే తెల్లజాతి నాయకులకు గుబులు పట్టుకుంది. రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసి, ఆ చతురస్రాన్ని 28 భుజాల వంకరటింకర ఆకారంగా మార్చేసింది. తెల్లారేసరికి ఆ 400 మందిలో నలుగురో అయిదుగురో తప్ప అందరూ ఊరి బయట ఉన్నారు. పేరున్న టస్కీగీ విద్యాసంస్థ కూడా హద్దు అవతలికి పోయింది. తెల్లవాడు ఒక్కడూ బయటికి పోలేదు.

ఎవరి ఇల్లూ కదల్లేదు, ఎవరి ఓటర్ కార్డూ చింపలేదు. కాని ఊరి ఎన్నికల్లో వాళ్ళకు ఓటు లేకుండా పోయింది. ఆ విద్యాసంస్థలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్ చార్లెస్ గొమీలియన్ ముందుండి కోర్టుకు వెళ్ళారు. ఇది జాతిని బట్టి ఓటు హక్కు తీసేయడమేనని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ అబ్బాయి ఊళ్ళో సంగతి ఇంత ఘోరంగా ఉండకపోవచ్చు. కాని గీతకు ఆ శక్తి ఉంది కాబట్టి అతని హడావిడిలో అర్థం ఉంది. వెళ్ళనివ్వండి.

ప్రతి డిస్ట్రిక్టులోనూ జనాభా సమానంగా ఉంటే సరిపోతుంది కదా? అంతకు మించి న్యాయం ఏముంటుంది?
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఆస్టిన్

జనాభా సమానంగా ఉండటం మొదటి మెట్టు. ఆ మెట్టు కూడా తేలిగ్గా రాలేదు. మీ టెక్సస్‌లోనే మిడ్‌లాండ్ కౌంటీని నాలుగు ప్రెసింక్ట్‌లు చేసి, ఒక్కోదానికి ఒక కమిషనర్‌ను ఎన్నుకునేవారు. మిడ్‌లాండ్ నగరం దాదాపు మొత్తం ఒకే ప్రెసింక్ట్‌లో ఉండేది. అందులో 67,906 మంది. మిగతా మూడింటిలో వరసగా 852, 414, 828 మంది. అందరికీ తలా ఒక కమిషనరే! ఆ నగర మేయరే కేసు వేస్తే, 1968లో సుప్రీంకోర్టు ‘మనిషికి ఒక ఓటు’ సూత్రం స్థానిక సంస్థలకూ వర్తిస్తుందని చెప్పింది. అన్నిటికన్నా పెద్ద డిస్ట్రిక్టుకూ అన్నిటికన్నా చిన్నదానికీ తేడా పది శాతం లోపల ఉంటే మామూలుగా స్థానిక సంస్థలకు ఇబ్బంది ఉండదు.

ఇక రెండో మెట్టు. అయిదు వార్డులున్న ఊరు అనుకోండి. వార్డుకు వెయ్యి చొప్పున అయిదు వేల ఓటర్లు. వారిలో రెండు వేల మంది, అంటే 40 శాతం, మైనారిటీ వర్గం. రెండు వర్గాలూ ఎవరి అభ్యర్థికి వాళ్ళే ఓటేస్తారనుకుందాం.

వార్డుకు 400 మంది చొప్పున ఆ రెండు వేల మందినీ చీల్చి పంచితే అయిదు వార్డుల్లోనూ ఓటమే. 900 మందిని ఒకే వార్డులో కుక్కి, మిగిలిన 1,100 మందిని నాలుగింటికి పంచితే ఒకే ఒక్క సీటు. రెండు వార్డుల్లో 600 మంది చొప్పున ఉండేలా గీస్తే రెండు సీట్లు. మూడు పటాల్లోనూ జనాభా లెక్క ఒక్క తల తేడా లేకుండా సమానం. ఫలితాలు సున్నా, ఒకటి, రెండు. చీల్చడం, కుక్కడం అనే ఈ రెండు పనులే పునర్విభజనలో ప్రధానమైన మోసాలు. జనాభా పట్టిక చూసి వీటిని పట్టుకోలేం. పటం పక్కన ఎవరెక్కడ ఉంటున్నారో పెట్టుకుని చూడాలి.

మా ఊళ్ళో వార్డులే లేవు. కౌన్సిల్ సభ్యులందర్నీ ఊరంతా కలిసి ఎన్నుకుంటాం. గీతలే లేనప్పుడు ఈ గొడవ మాకు లేనట్టేగా?
– ఒక గృహిణి, డాలస్ శివారు

గీత లేకపోవడం కూడా ఒక గీతేనమ్మా. ఊరంతా ఒకే డిస్ట్రిక్టు అని అర్థం. దీన్ని ‘ఎట్-లార్జ్’ పద్ధతి అంటారు. ఊళ్ళో 60 శాతం ఉన్న వర్గం ఒక్క మాట మీద ఉంటే, ఏడు సీట్లుంటే ఏడూ వాళ్ళవే. 40 శాతం ఉన్నవారికి ఒక్కటీ దక్కదు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా పట్టణం ఇందుకు మంచి ఉదాహరణ. జనాభాలో దాదాపు 40 శాతం లాటినోలు. ఏడుగురు సభ్యుల కౌన్సిల్‌కు 37 ఏళ్ళపాటు ఆ పద్ధతిలో జరిగిన ఎన్నికల్లో ఒక్క లాటినో కూడా గెలవలేదు. 2014లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి చెల్లదని చెప్పి డిస్ట్రిక్టులు చేయించింది. 2015 నవంబరులో కొత్త పటం మీద జరిగిన మొదటి ఎన్నికల్లో ముగ్గురు లాటినా మహిళలు గెలిచారు. జనం వాళ్ళే, ఊరు అదే. మారింది ఎన్నిక జరిగే తీరు ఒక్కటే.

మీకు దగ్గరలోనే, తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్న ఇర్వింగ్ నగరంలోనూ 2009లో ఇలాంటి తీర్పే వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఆరు డిస్ట్రిక్టులు, ఊరంతా ఎన్నుకునే రెండు సీట్లు, మేయరు అనే ఏర్పాటు వచ్చింది. ఎట్-లార్జ్ పద్ధతి ప్రతిచోటా అన్యాయమని నేననను. అందరూ కలగలిసి ఉండి, ఓట్లు వర్గాల వారీగా చీలని ఊళ్ళో అది బాగానే నడుస్తుంది. మీ ఊళ్ళో గత నాలుగైదు ఎన్నికల్లో ఎవరు నిలబడ్డారు, ఏ పేటలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయి అన్నది చూడండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

మాది హెచ్-1బీ వీసా. ఓటు లేదు. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఈ లెక్కల్లో మేమసలు ఉన్నామా?
– దంపతులు, ఇర్వింగ్

ఉన్నారు. జనగణన నివాసముంటున్న ప్రతి ఒక్కరినీ లెక్కిస్తుంది. పౌరులా కాదా, ఓటరా కాదా అని చూడదు. డిస్ట్రిక్టుల జనాభాను మొత్తం జనం లెక్కన సమానం చేయవచ్చని 2016లో టెక్సస్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊరి విషయంలోనూ ఈ తగవు నడిచింది. కొత్త డిస్ట్రిక్టుల్లో ఒకదానిలో పౌరులు తక్కువ కాబట్టి అక్కడి ఓటుకు బరువు ఎక్కువైందని కొందరు కోర్టుకెక్కారు. 2011లో అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అయితే, ఒక మైనారిటీ వర్గానికి తాము కోరుకున్న అభ్యర్థిని గెలిపించుకునే బలం ఉందా లేదా అని తేల్చేటప్పుడు మాత్రం కోర్టులు ఓటు వయసు వచ్చిన పౌరుల్నే లెక్కలోకి తీసుకుంటాయి. అంటే డిస్ట్రిక్టు సైజులో మీరున్నారు, దాని ఓటు బలంలో ఇంకా లేరు.

ఈ తేడా ఎంత దూరం పోగలదో అయోవా రాష్ట్రంలోని అనమోసా పట్టణంలో బయటపడింది. అక్కడి రెండో వార్డులో జనాభా లెక్క ప్రకారం దాదాపు 1,400 మంది. అందులో 1,300 మందికి పైగా రాష్ట్ర జైల్లో ఉన్న ఖైదీలే. వాళ్ళకు ఓటు లేదు. బయట ఉన్నది ఓ అరవై మంది. 2005లో ఆ వార్డుకు ఎవరూ నామినేషన్ వేయలేదు. ఒకాయన భార్యా, పక్కింటివారూ బ్యాలెట్ మీద ఆయన పేరు చేత్తో రాస్తే, ఆ రెండు ఓట్లతో ఆయన కౌన్సిలర్ అయిపోయాడు. పక్క వార్డుల వాళ్ళు అదే పదవికి చాలా ఎక్కువ ఓట్లు కూడగట్టుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత ఊరు ఆ వార్డుల పద్ధతే మార్చుకుంది.

ఇంకో మాట. సిటీ కౌన్సిల్ బహిరంగ విచారణలో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. మీ పిల్లలు చదివే బడి, మీరు తిరిగే రోడ్డు గురించి మీకు చెప్పే హక్కుంది.

మా ఊళ్ళో భారతీయులం అయిదో వంతు ఉంటాం. మాకో డిస్ట్రిక్టు కావాలని కేసు వేయవచ్చా? మా సంఘంలో కొందరు చందాలు కూడా మొదలెట్టారు.
– ఒక తెలుగు సంఘం సభ్యుడు, టెక్సస్

చందాలు కాస్త ఆపండి. 1965 నాటి ఓటు హక్కుల చట్టంలో రెండో సెక్షన్ ఇలాంటి కేసులకు మూలం. 1982లో అమెరికా కాంగ్రెస్ దాన్ని సవరించి, చెడు ఉద్దేశం నిరూపించనక్కర్లేదని, ఫలితం అన్యాయంగా ఉంటే చాలని చెప్పింది. అదే సెక్షన్‌లో, జనాభా నిష్పత్తి ప్రకారం సీట్లు అడిగే హక్కు ఎవరికీ లేదని కూడా రాసి ఉంది. 1986లో సుప్రీంకోర్టు మూడు పరీక్షలు పెట్టింది. ఒకటి, ఆ వర్గం ఒక డిస్ట్రిక్టులో మెజారిటీ కాగలిగినంత సంఖ్యలో, ఒకచోట దగ్గరదగ్గరగా ఉండాలి. రెండు, వాళ్ళ ఓట్లు చాలావరకు ఒకే వైపు పడుతుండాలి. మూడు, మిగతావారు మూకుమ్మడిగా ఓటేసి వాళ్ళ అభ్యర్థిని మామూలుగా ఓడిస్తుండాలి. మెజారిటీ అంటే సగానికి పైనే అని 2009లో ఇంకా గట్టిగా చెప్పింది.

మనవాళ్ళ సంగతి చూడండి. కొత్త సబ్‌డివిజన్ ఎక్కడ లేస్తే అక్కడ ఇల్లు కొంటాం. ఊరి నాలుగు మూలలా ఉంటాం. ఉన్నవాళ్ళలో చాలామంది వీసాల మీదే ఉంటారు. ఓట్లు కూడా ఒకే వైపు పడవు. చాలా ఊళ్ళలో మొదటి పరీక్ష దగ్గరే కేసు ఆగిపోతుంది.

పోనీ ఇతర మైనారిటీలతో కలిసి వేద్దామంటే మీ రాష్ట్రంలో ఆ దారీ మూసుకుంది. గాల్వెస్టన్ కౌంటీలో నల్లజాతి వారూ, లాటినోలూ కలిసి బలంగా ఉన్న ఒకే ఒక్క ప్రెసింక్ట్‌ను 2021లో ముక్కలు చేశారు. 2023లో కింది కోర్టు తప్పుపట్టింది. కాని 2024లో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, రెండు వర్గాలు కలిసి ఈ సెక్షన్ కింద మెజారిటీ లెక్క చూపించడం కుదరదంది. టెక్సస్, లూసియానా, మిసిసిపి ఆ కోర్టు పరిధిలోవే. పైగా రెండో సెక్షన్ పరిధి మీద సుప్రీంకోర్టులోనే వాదనలు సాగుతూ వచ్చాయి. ఈ విషయం మీదే లూసియానా నుంచి వచ్చిన కేసును 2025 అక్టోబరులో రెండోసారి విన్నారు. పాత తీర్పు నమ్ముకుని కోర్టు మెట్లెక్కకండి. తాజా తీర్పులు చదివిన ఓటు హక్కుల లాయర్ని ముందు కలవండి.

కొన్ని రాష్ట్రాల్లో సొంత చట్టాలున్నాయి. కాలిఫోర్నియా 2002లో, న్యూయార్క్ 2022లో చేశాయి. కాలిఫోర్నియా చట్టం కింద ఒకచోట గుమిగూడి ఉన్నారని చూపించనక్కర్లేదు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ నగరం ఈ చట్టం కింద లాయర్ల నోటీసు అందుకుని, 2017లో డిస్ట్రిక్టులకు మారింది.

ఇది మన రిజర్వేషన్ లాంటిదేనా? జాతి చూసి హద్దులు గీయడం తప్పు కాదా?
– పొలిటికల్ సైన్స్ విద్యార్థిని, ఉస్మానియా విశ్వవిద్యాలయం

అలాంటిది కాదు. మన దగ్గర రిజర్వుడు స్థానంలో ఆ వర్గం వారే పోటీ చేయాలి, ఓటు మాత్రం అందరూ వేస్తారు. లోక్‌సభలో 543 స్థానాలకు 84 ఎస్సీలకు, 47 ఎస్టీలకు ఉన్నది ఈ పద్ధతిలోనే. మున్సిపల్ వార్డుల్లోనూ రాజ్యాంగం అదే చెబుతోంది. అమెరికాలో అభ్యర్థి ఎవరైనా కావచ్చు. చట్టం చూసేది ఆ ఓటర్లు కోరుకున్నవారిని గెలిపించుకునే అవకాశం ఉందా లేదా అన్నదే. నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టు నుంచి తెల్లజాతి అభ్యర్థి గెలిచినా, వాళ్ళు కోరుకుని గెలిపిస్తే చట్టానికి అభ్యంతరం లేదు.

మీ రెండో ప్రశ్నకు అక్కడి కోర్టులే సతమతమవుతున్నాయి. నార్త్ కరోలినాలో ఒక నల్లజాతి మెజారిటీ డిస్ట్రిక్టును హైవే వెంబడి 160 మైళ్ళు సాగదీశారు. కొన్నిచోట్ల వెడల్పు ఆ రోడ్డంతే. 1993లో సుప్రీంకోర్టు, జాతి ఒక్కటే కొలమానంగా ఇలా గీస్తే రాజ్యాంగం ముందు నిలవడం కష్టమంది. కాబట్టి పటం గీసేవారు జాతిని బొత్తిగా పట్టించుకోకపోతే ఒక కేసు, మరీ పట్టించుకుంటే ఇంకో కేసు. నా అభిప్రాయం అడిగితే, జనం నిజంగా కలిసి బతికే పేటను పేటగా ఉంచడం న్యాయం. దారం లాంటి డిస్ట్రిక్టులు గీసి లెక్క సరిపెట్టడం న్యాయం కాదు.

మన దగ్గర కూడా పరిశీలించాల్సింది ఉంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు ఎస్సీ రిజర్వుడు అయ్యాయని, ఎస్సీలు అంతకన్నా ఎక్కువగా ఉన్నచోట్లు జనరల్‌గా మిగిలాయని 2006లో సచార్ కమిటీ ఎత్తిచూపింది. పైగా వార్డుల విభజనను కోర్టులో ప్రశ్నించడానికి రాజ్యాంగమే అడ్డుకట్ట వేసింది. ఆ తలుపు పూర్తిగా మూసినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు అన్నా, మన దగ్గర ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పే కొద్ది రోజులే సామాన్యుడికి ఉన్న అసలు అవకాశం.

అసలు ఈ గీతలు గీసేదెవరు? గీతలతో పని లేని పద్ధతి ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

చాలా ఊళ్ళలో గీసేది ఆ కౌన్సిల్ సభ్యులే. తమ ఓటర్లను తామే ఎంచుకుంటున్నారన్నమాట! 2022లో లాస్ ఏంజెలెస్ కౌన్సిల్ సభ్యులు కొందరు డిస్ట్రిక్టుల పంపకం గురించి మాట్లాడుకుంటూ జాతి దూషణలు చేసిన ఆడియో బయటపడింది. కౌన్సిల్ అధ్యక్షురాలు రాజీనామా చేయాల్సి వచ్చింది. 2024లో ఆ నగర ఓటర్లు గీసే పనిని స్వతంత్ర కమిషన్‌కు అప్పగించారు. టెక్సస్‌లో ఆస్టిన్ అంతకన్నా ముందే, 2012లో, ఊరంతా ఎన్నుకునే పద్ధతి వదిలి పది డిస్ట్రిక్టులకు మారుతూ, పటం పనిని పౌరుల కమిషన్‌కు ఇచ్చింది. పదవిలో ఉన్నవారి చేతిలోంచి పెన్ను తీసేయడమే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సంస్కరణ.

గీతల్లేని పద్ధతులూ ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్ చెస్టర్ గ్రామంలో జనాభాలో దాదాపు సగం లాటినోలే అయినా, పాలకమండలికి ఒక్క లాటినో ఎన్నిక కాలేదు. కేసు తర్వాత 2010లో ఒక్కో ఓటరుకు ఆరు సీట్లకు ఆరు ఓట్లు ఇచ్చారు. ఆరూ ఒకరికే వేయవచ్చు, పంచనూ వచ్చు. తొలి ఎన్నికలోనే మొదటి లాటినో సభ్యుడు గెలిచారు. ఈ పద్ధతిలో ఓటర్లలో దాదాపు 15 శాతం ఒక్క మాట మీద ఉంటే ఒక సీటు ఎవరూ ఆపలేరు. ఊరి నాలుగు మూలలా చెదిరి ఉండే మన లాంటి వాళ్ళకు డిస్ట్రిక్టుల కన్నా ఇదే ఎక్కువ మేలు.

విచారణకు వెళ్తే ఏం మాట్లాడాలి? రెండే నిమిషాలిస్తారట.
– ఒక పాఠకురాలు, అట్లాంటా

రెండు నిమిషాలు చాలు. ‘మా వర్గానికి అన్యాయం జరుగుతోంది’ అని మొదలుపెట్టకండి. ఆ మాట అక్కడ రోజూ వింటారు. ఏ వీధి నుంచి ఏ వీధి వరకు మీ పేటో పేర్లతో చెప్పండి. ఆ పేటవాళ్ళను కలిపేవి చెప్పండి: ఒకే బడి, ఒకే బస్సు రూటు, ఒకే గుడి లేదా మసీదు, వానొస్తే మునిగే ఒకే కాలువ, అద్దెలు పెరిగి అందరూ పడుతున్న ఒకే ఇబ్బంది. ముసాయిదా పటం ఆ పేటను ఎక్కడ రెండుగా కోసిందో వేలు పెట్టి చూపించండి. అలా కాకుండా ఎలా గీయవచ్చో ఇంకో పటం ఇవ్వండి. అందుకు ఉచిత వెబ్‌సైట్లు ఉన్నాయి. జనాభా తూకం తప్పకుండా చూసుకోండి, లేకపోతే మీ పటం పక్కన పడేస్తారు.

మీ పక్క పేటవాళ్ళను కూడా చూడండి. కొన్ని ఊళ్ళలో మనవాళ్ళ కొత్త కాలనీని ఒక డిస్ట్రిక్టులో చేర్చడం కోసం పాత లాటినో పేటనో, నల్లజాతి పేటనో కోసే ప్రతిపాదన రావచ్చు. ఆ గీత మనకు అనుకూలమైనా అది చీల్చడమే. అప్పుడు వాళ్ళ పక్కన నిలబడి వద్దని చెప్పండి. రేపు మన పేట వంతు వచ్చినప్పుడు మన వెంట నిలబడేది వాళ్ళే.

తర్వాతి జనగణన తేదీ 2030 ఏప్రిల్ 1. పునర్విభజన లెక్కలు 2031 ఏప్రిల్ 1లోగా రాష్ట్రాలకు అందాలి. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే ఊళ్ళ పటాలు ఖాయమై, మామూలుగా పదేళ్ళు కదలవు. వీసా ఏదైనా సరే, ఆ జనగణన ఫారం ఇంట్లో అందరి పేర్లతో నింపండి. మొదటి విచారణ తేదీ కనుక్కుని వెళ్ళండి. పటం ఖాయమయ్యాక కోర్టు చుట్టూ తిరగడానికి ఏళ్ళు పడుతుంది.